అమ్మతో డిసెంబర్‌లో యూరప్: ఏడు ఊళ్లు వద్దు, మూడు చాలు

మీ ప్లాన్ రెండుసార్లు చదివాను. అమ్మగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, కాస్త బీపీ, పూర్తిగా శాకాహారం, దేశం దాటడం ఇదే మొదటిసారి. డిసెంబర్ 20 నుంచి 12 రోజులు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, చివరికి రోమ్. ఇదంతా కుదురుతుందా, అమ్మ ఆ చలికి తట్టుకుంటుందా అని అడిగారు. చలికి తట్టుకుంటారు, ఆ బెంగ పెట్టుకోకండి. ఈ ప్లాన్‌కి మాత్రం అమ్మగారే కాదు, మీరూ తట్టుకోలేరు.

నేను చాలా ఏళ్లుగా వియన్నాలో ఉంటున్నాను. తెనాలి నుంచి మా అమ్మ, రాజమండ్రి నుంచి మా అత్తగారు వచ్చినప్పుడల్లా చలికాలమే, ఎందుకంటే మాకు సెలవులు కలిసొచ్చేది అప్పుడే. అందుకని నేను చెప్పేది వెబ్‌సైట్లు చూసి కాదు, వాళ్లిద్దరినీ పక్కన పెట్టుకుని తిరిగి చూసిన సంగతులు.

మీ లెక్కలో రాని విషయం చలి కాదు, వెలుతురు. డిసెంబర్ చివర్లో ఈ ఊళ్లలో ఏడున్నర, ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగు, ఐదు మధ్య చీకటి పడిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మూడింటికే లైట్లు వేసేస్తారు. అమ్మగారు లేచి, కాఫీ తాగి, స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, ఆ బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని బయట పడేసరికి ఎలా లేదన్నా పది. ఇక మిగిలేది ఆరేడు గంటలు, అందులో భోజనానికి గంటన్నర. ఏడు ఊళ్లంటే ఆరు రోజులు సూట్‌కేసులు లాగడానికే పోతాయి. అప్పుడు అమ్మగారు చూసేది స్టేషన్లు, లిఫ్టులు, హోటల్ గదులు.

నా మాట వింటే పక్కపక్కనే ఉన్న మూడు ఊళ్లు పెట్టుకోండి. బుడాపెస్ట్‌లో మూడు రాత్రులు, వియన్నాలో ఐదు, ప్రాగ్‌లో మూడు. బుడాపెస్ట్ నుంచి వియన్నాకి రైల్లో దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు, వియన్నా నుంచి ప్రాగ్‌కి నాలుగు గంటలు. మధ్యలో విమానం గొడవ ఉండదు. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాల్లో బుడాపెస్ట్‌లో దిగేలా, ప్రాగ్‌లో తిరిగి ఎక్కేలా ఒకే టికెట్ తీసుకోవచ్చు. పారిస్, రోమ్ ఎక్కడికీ పోవు, ఇంకోసారి ఏప్రిల్‌లో వెళ్లండి. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టే లేదు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఆ మెట్లు నరకం.

ఈ వరుస కూడా ఊరికే చెప్పలేదు. డిసెంబర్ 24 మధ్యాహ్నం నుంచి ఇక్కడ దుకాణాలు మూసేస్తారు, 25, 26 పూర్తిగా సెలవు. బుడాపెస్ట్‌లో అయితే 24 సాయంత్రానికి బస్సులు, ట్రామ్‌లు కూడా బాగా తగ్గిపోతాయి. అందుకని 23కల్లా వియన్నాకి వచ్చేయండి, ఇక్కడ పండగ రోజుల్లో కూడా ట్రామ్‌లు తిరుగుతాయి, షోన్‌బ్రున్ రాజభవనం తెరిచే ఉంటుంది. వియన్నాలో రాట్‌హౌస్, అంటే నగరపాలక భవనం, దాని ముందుండే క్రిస్మస్ సంత 26తో అయిపోతుంది. ప్రాగ్ పాత బస్తీ చౌక్‌లో సంత జనవరి 6 దాకా ఉంటుంది కాబట్టి దాన్ని ఆఖర్న పెట్టినా నష్టం లేదు. 31 ఉదయమే ప్రాగ్ నుంచి బయల్దేరిపోండి. ఆ రాత్రి అన్ని ఊళ్ల నడిబొడ్డునా టపాసులు, తాగినవాళ్లు, జనం తోపులాట, అమ్మగారితో అందులో ఉండాల్సిన అవసరం లేదు.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. హంగేరీ, ఆస్ట్రియా, చెక్, మూడూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, మీకైతే ఆస్ట్రియా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ డిసెంబర్ ప్రయాణాలకి అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి చివరిదాకా ఆగొద్దు. మొదటిసారి కనుక వేలిముద్రల కోసం అమ్మగారు స్వయంగా రావాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. బీపీ సంగతి బీమా ఫారంలో రాయండి, దాచితే తర్వాత క్లెయిమ్ రాదు.

ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ సాయం టికెట్‌తో పాటే అడగండి. అమ్మగారు ఒప్పుకోరు, నాకు తెలుసు. మా అమ్మ "నాకేమయింది, కాళ్లు లేవా?" అని శంషాబాద్‌లో అందరి ముందూ గొడవ పెట్టుకుంది. ఆ కుర్చీలో కూర్చుంటే ఇమిగ్రేషన్ లైన్ తగ్గుతుందని చెప్పాక కూర్చుంది. ఇప్పుడు షెంగెన్ సరిహద్దులో మొదటిసారి వచ్చేవాళ్ల ఫొటో తీసుకుని వివరాలు నమోదు చేసే కొత్త పద్ధతి వచ్చింది, 2025 అక్టోబర్‌లో మొదలైంది. లైన్లు నెమ్మదిగా కదులుతాయి. రాత్రంతా విమానంలో కూర్చుని వాచిన కాళ్లతో గంటసేపు నిలబడడం కంటే ఆ కుర్చీ ఎంతో నయం.

ఇక చలి. పగలు సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య, రాత్రి ఇంకాస్త కిందికి. బాధపెట్టేది డిగ్రీలు కాదు, గాలి. పెద్ద బరువు కోటు ఒక్కటి కొనేసి ఊరుకుంటారు మనవాళ్లు, అది తప్పు. లోపల ఒంటికి పట్టే థర్మల్స్, దాని మీద పల్చటి ఉన్ని స్వెటర్, పైన గాలి చొరబడని, మోకాలి దాకా వచ్చే జాకెట్, అంతే. ఎందుకంటే ట్రామ్‌లో, మ్యూజియంలో, కెఫేలో లోపల 22 డిగ్రీలు ఉంటుంది, అడుగు పెట్టగానే చెమటలు పడతాయి. సులువుగా విప్పి వేసుకునేలా ఉండాలి. అమ్మగారు చీర మానరంటే మానక్కర్లేదు. మా అత్తగారు లోపల ఉన్ని లెగ్గింగ్స్, పైన కాస్త ఎత్తుగా కట్టిన నేత చీర, కింద బూట్లు, ఇలాగే ఊరంతా తిరిగారు, ఎవరూ వింతగా చూడలేదు. కాకపోతే కుచ్చిళ్లు మడమల దాకా జారితే తడి రోడ్డు మీద అంచు నానిపోయి మంచు ముద్దలా అవుతుంది, పైగా ఎస్కలేటర్‌లో ప్రమాదం.

డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలంటే బూట్ల మీద. అడుగున రబ్బరు గట్లు లోతుగా ఉండాలి, నీళ్లు లోపలికి రాకూడదు, మందపాటి ఉన్ని సాక్సులు పట్టేలా ఒక సైజు పెద్దవి కొనండి. వచ్చేముందు నెల రోజులు అవే వేసుకుని ఇంటి దగ్గర నడవమనండి. ఎప్పుడూ చెప్పులే అలవాటైన పాదాలకి బూట్లు వేసుకోవడమే పెద్ద పరీక్ష. ఇంకో చిన్న సంగతి, ఇక్కడ గదుల్లో హీటర్ వల్ల గాలి పొడిగా ఉండి చర్మం పగిలిపోతుంది. కొబ్బరినూనె తెస్తారు, అది సీసాలోనే గడ్డకట్టి కూర్చుంటుంది, పొద్దున్నే హీటర్ మీద పెట్టి కరగబెట్టుకోవాలి. వెడల్పు మూత డబ్బాలో తెచ్చుకోండి, లేదా వాజెలిన్ తెచ్చుకోండి.

హోటల్ కంటే చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి. లిఫ్ట్ ఉందా, అది వీధి మట్టం నుంచే మొదలవుతుందా? వియన్నా పాత భవనాల్లో కింది అంతస్తు తర్వాత "మెజ్జనీన్" అని ఒకటి వస్తుంది, దాని తర్వాత గానీ ఒకటో అంతస్తు మొదలవదు. ఒకటో అంతస్తే కదా అని లిఫ్ట్ లేని ఇల్లు తీసుకుంటే రెండు అంతస్తులు ఎక్కాల్సి వస్తుంది. రెండోది, స్నానాల గదిలో తొట్టి ఉందా, నేల మట్టంలో షవర్ ఉందా? తొట్టి అంచు దాటడం మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టం, తడిగా ఉంటే జారతారు కూడా. టాయ్‌లెట్లలో నీళ్ల ఏర్పాటు ఉండదు, ఒక మగ్గు సూట్‌కేస్‌లో వేసుకోండి, నవ్వుకోకండి.

తిండి విషయంలో అమ్మగారికంటే మీకే ఎక్కువ టెన్షన్ ఉన్నట్టుంది. పొద్దున ఇంట్లో తిని, రాత్రి ఇంట్లో అన్నం వండుకుంటే మధ్యాహ్నం ఒక్క పూటే బయట. ఆవకాయ, కందిపొడి, చింతపండు, పప్పు తెచ్చుకోవచ్చు. పాల పదార్థాలు, మాంసం మాత్రం ఈయూలోకి తేకూడదు, అంటే నెయ్యి సీసా, పాలకోవా, నేతి మిఠాయిలు వద్దు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు. వియన్నాలో నాష్‌మార్క్ట్ దగ్గర మన సరుకులు దొరికే దుకాణాలున్నాయి, కానీ ఆదివారాలు, పండగలు మూత. 23న దిగగానే పాలు, పెరుగు, కూరగాయలు మూడు రోజులకి సరిపడా కొని పెట్టుకోండి. మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లోని సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటుంది, అక్కడ ఊరంతా లైన్లో ఉంటుంది.

బయట తినేటప్పుడు సూప్‌ల దగ్గర జాగ్రత్త. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా చాలాసార్లు మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. హంగేరీలో వంటకి పంది కొవ్వు వాడే అలవాటుంది. "మాంసం లేకుండా" అనడానికి జర్మన్‌లో "ఓనే ఫ్లైష్", హంగేరియన్‌లో "హూష్ నేల్క్యుల్", చెక్‌లో "బెజ్ మసా". చేప, గుడ్డు సంగతి విడిగా అడగండి, కొంతమంది లెక్కలో చేప మాంసం కాదు. సంతల్లో ధైర్యంగా తినదగినవి కాల్చిన చెస్ట్‌నట్లు, బుడాపెస్ట్‌లో నూనెలో వేయించి ఇచ్చే లాంగోష్ రొట్టె (వేయించే నూనె సంగతి అడిగి తీసుకోండి). సంతలో అందరూ తాగే వేడి పంచ్‌లో మద్యం ఉంటుంది. అమ్మగారికి "కిండర్‌పుంచ్" అని అడగండి, పిల్లల కోసం మద్యం లేకుండా చేసేది. కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగి ఇస్తే డబ్బులిస్తారు. మా అత్తగారు కప్పు తిరిగివ్వలేదు, అది ఇప్పుడు రాజమండ్రిలో పెన్నుల స్టాండ్.

అన్నట్టు ఆ సంతలో ఆవిడకి అన్నిటికంటే నచ్చింది లైట్లు కాదు. ఏసు పుట్టిన పశువుల పాకని చెక్క బొమ్మలతో పేర్చి అమ్మే ఒక కొట్టు. "ఇది మన బొమ్మల కొలువే కదే" అని పావుగంట అక్కడే నిలబడి, ఆవు, గాడిద, గొర్రెలు, రాజులు ఎవరెవరు ఎక్కడ ఉండాలో ఆ కొట్టు ఆయనతో తెలుగులో చర్చించారు. చివరికి ఆవుని కొనుక్కున్నారు.

వియన్నాలో రోజుకి ఒకటే పెద్ద చోటు పెట్టుకోండి. షోన్‌బ్రున్‌లో 1,441 గదులున్నాయి కానీ చూపించేది నలభై దాకానే, టికెట్ టైముతో సహా ఆన్‌లైన్‌లో తీసుకోండి. స్టెఫాన్స్‌డోమ్ చర్చిలో దక్షిణ గోపురానికి 343 మెట్లు, అటు పోకండి. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది, పైన పుమ్మెరిన్ అనే పెద్ద గంట ఉంటుంది, ఊరి పైకప్పులు కనిపిస్తాయి. హాఫ్‌బుర్గ్ రాజభవనం పక్కన బుర్గ్‌గార్టెన్ తోటలో సీతాకోకచిలుకల అద్దాల ఇల్లు ఉంది. బయట సున్నా డిగ్రీలున్నా లోపల మన ఊళ్లో వాన వెలిశాక ఉండే ఉక్క. తలుపు తీయగానే అమ్మ కళ్లజోడు మొత్తం ఆవిరి పట్టేసి, ఏమీ కనపడక నా చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది. అద్దాలు తుడుచుకుని చూసేసరికి భుజం మీద సీతాకోకచిలుక వాలి ఉంది. చలికాలంలో నాలుగు లోపే మూసేస్తారు, మధ్యాహ్నమే వెళ్లండి.

ఇక్కడి కెఫేల్లో ఒక కాఫీ చెప్పి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు, కాఫీతో పాటు మంచినీళ్ల గ్లాసు కూడా వెండిరంగు పళ్లెంలో పెట్టి తెస్తారు. అమ్మగారి విశ్రాంతికి ఇంతకంటే మంచి చోటు లేదు. చీకటి పడ్డాక నడవకుండా ఊరు చూడాలంటే రింగ్ రోడ్డు మీద తిరిగే 1, 2, డి ట్రామ్‌లు ఎక్కించండి. ఒపెరా, పార్లమెంట్, రాట్‌హౌస్, అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి.

మంచు చూడాలనుంటుంది అమ్మగారికి, అడగండి. మా అమ్మ వచ్చిందే దానికి. కానీ డిసెంబర్‌లో వియన్నాలో మంచు పడుతుందన్న గ్యారంటీ లేదు, చాలాసార్లు ఉత్త వాన. అప్పుడు రైలెక్కి జెమ్మరింగ్ వెళ్లండి, గంటన్నర లోపు ప్రయాణం. ఆ కొండ రైలుమార్గం 1848, 1854 మధ్య కట్టారు, ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది, రాతి వంతెనల మీద మలుపులు తిరుగుతూ తొమ్మిది వందల మీటర్ల ఎత్తు దగ్గరికి తీసుకెళుతుంది. ముందు రోజు కొండ మీది వెబ్‌క్యామ్ చూసుకుని మంచు ఉంటేనే బయల్దేరండి. అమ్మ అక్కడ గ్లౌజు తీసి చేత్తో మంచు పట్టుకుని, "ఇది తినొచ్చా?" అని అడిగింది, నేను జవాబు చెప్పేలోపే నోట్లో వేసుకుంది.

బుడాపెస్ట్‌లో పార్లమెంట్ లోపల చూడాల్సిందే, హంగేరీ రాజుల కిరీటం అక్కడే ఉంది. గైడ్‌తో ముక్కాలు గంట పడుతుంది, డిసెంబర్‌లో టికెట్లు ముందే అయిపోతాయి, ఈయూ బయటివాళ్లకి ధర ఎక్కువ. మెట్లు చాలా ఉంటాయి కాబట్టి లిఫ్ట్ కావాలని ముందే చెప్పండి. కోట కొండ మీదికి డేయాక్ చౌక్ నుంచి 16వ నంబర్ బస్సు నేరుగా వెళుతుంది. డాన్యూబ్ ఒడ్డున నడిచే 2వ నంబర్ ట్రామ్ చీకటి పడ్డాక ఎక్కండి, అవతలి ఒడ్డున కోట మొత్తం దీపాలతో వెలుగుతుంటుంది. సేచెనీ వేడినీళ్ల స్నానాలు 1913 నాటివి, మంచులో ఆవిరి కక్కే కొలను ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. అమ్మగారి విషయంలో నేనైతే సిఫార్సు చేయను. ఈత దుస్తులు, తడి ఒంటితో గడ్డకట్టే గాలిలో జారే నేల మీద నడక, పైగా బీపీ. ఆవిడే సరదా పడితే డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి, అంతే.

ఎస్కలేటర్ల గురించి ఎవరూ చెప్పరు. బుడాపెస్ట్, ప్రాగ్ మెట్రోల్లో ఎస్కలేటర్లు చాలా పొడవు, మన మాల్స్‌లో వాటికంటే వేగం. ప్రాగ్‌లో నామ్యెస్తీ మీరు స్టేషన్‌లో ఒకటి 87 మీటర్లు ఉంటుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టలేక అమ్మ ఆగిపోతే వెనక జనం తోసుకొస్తారు. ఈ రెండు ఊళ్లలో ట్రామ్‌లు, బస్సులే నమ్ముకోండి, ఊరు కూడా కనిపిస్తుంది.

ప్రాగ్ కోటకి కింది నుంచి మెట్లెక్కి వెళ్లే దారి అందరూ చెబుతారు. మీరు 22వ నంబర్ ట్రామ్‌లో ప్రజ్‌స్కీ హ్రాద్ స్టాప్‌లో దిగండి, దాదాపు సమంగా ఉన్న దారిలో ఐదు నిమిషాల నడక. తిరుగు ప్రయాణం కూడా అదే ట్రామ్, దిగుడు మెట్ల వైపు పోకండి, మంచు గడ్డకడితే అద్దంలా జారతాయి. 65 దాటినవాళ్లకి ప్రాగ్‌లో ట్రామ్, మెట్రో ఉచితం, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. పాత బస్తీ చౌక్‌లోని 1410 నాటి గడియారం ముందు ప్రతి గంటకీ జనం గుమిగూడతారు, బొమ్మలు తిరిగేది నిమిషం కూడా ఉండదు, జేబుదొంగలకి మాత్రం ఆ నిమిషం చాలు. ఆ గడియారం ఉన్న పాత టౌన్‌హాల్ గోపురానికి లిఫ్ట్ ఉంది, అది మేలు. 1357లో కట్టడం మొదలుపెట్టిన చార్లెస్ వంతెనకి పొద్దున్నే వెళ్లండి, పది దాటితే అడుగు తీసి అడుగు వేయలేరు. రాళ్లు పరిచిన రోడ్లు కాబట్టి మడతపెట్టే చేతికర్ర ఒకటి ఉంచుకోండి.

మందులు అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లోనే, వెళ్లి వచ్చే రోజులకంటే వారం ఎక్కువగా. చీటీ మీద మందు అసలు పేరు రాయించండి, మన కంపెనీ పేర్లు ఇక్కడి మందుల షాపులో అర్థం కావు. మూడు దేశాల్లోనూ ఎమర్జెన్సీ నంబర్ 112. డబ్బులు మూడు రకాలు, ఫోరింట్, యూరో, కొరునా. కార్డు దాదాపు అంతటా పనిచేస్తుంది, కానీ టాయ్‌లెట్లకి చిల్లర ఉంచండి. బ్యాంకు ఏటీఎంలోనే తీయండి, "రూపాయల్లోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి. ప్రాగ్‌లో వీధిలో డబ్బు మారుస్తామని వచ్చేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇంకా ఏమీ బుక్ చేయలేదన్నారు కాబట్టి ముందు వీసా అపాయింట్‌మెంట్ చూడండి. తర్వాత రద్దు చేసుకునే వీలున్న అపార్ట్‌మెంట్లు, ఆ తర్వాతే విమానం, రైలు టికెట్లు. రైల్లో సీటు రిజర్వేషన్ చాలా టికెట్లతో రాదు, విడిగా కొనాలి, పండగ వారంలో అది లేకపోతే నిలబడాల్సి వస్తుంది. డిసెంబర్‌కి అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఎక్కువ డబ్బులిచ్చి ఏజెంట్ల వెనక పడకండి, ఇదే ప్లాన్ ఫిబ్రవరి ఆఖరికి జరపండి. క్రిస్మస్ సంతలు ఉండవు గానీ వెలుతురు పదిన్నర గంటలకి పైగా ఉంటుంది, గదులు చవగ్గా దొరుకుతాయి, జెమ్మరింగ్‌లో మంచు అప్పుడే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.